ఏప్రిల్ ఒకటో తేదీన మొదలుపెట్టకండి

మిర్యాలగూడలో రైస్ మిల్లుల యజమానులు, భాగస్వాములు, గుమస్తాల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.

సభలో ఉన్న పెద్దలకు, మిల్లు లెక్కలు రోజూ చేతులతో రాసే గుమస్తాలకు నమస్కారం. నాకు ఇచ్చిన అంశం మిల్లులో ఈఆర్‌పీ అమలు. వడ్ల కొనుగోలు, నిల్వ, మరాడింపు, అమ్మకం, ఖాతాలు, కూలీ, జీతాలు వేరువేరు పుస్తకాల్లో కాకుండా ఒకే లెక్కగా నడవాలి. కాంటా దగ్గర ఒకసారి నమోదైన బరువు, మళ్ళీ ఎవరూ రాయనక్కరలేకుండా, రైతు ఖాతాలోకీ నిల్వలోకీ తానే చేరిపోవాలి. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్‌నే ఈఆర్‌పీ అంటున్నారు. ఇక్కడికి వచ్చేటప్పటికే బయట నలుగురైదుగురు ఒకే ప్రశ్న అడిగారు. "ఏది కొనమంటారు? శాప్ కొనాలా, ఓడూనా, ఈఆర్‌పీనెక్స్టా, లేక హైదరాబాదులో రైస్ మిల్లులకే అంటూ ఒకాయన చేసి అమ్ముతున్నాడు, అదా?" అడగవలసిన ప్రశ్నే. కానీ అది మొదటి ప్రశ్న కాదు. నా లెక్కలో అది నాలుగోదో, ఐదోదో.

మొదటి ప్రశ్న ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. ఈ ప్రశ్నకు మీ ఆడిటరు, అమ్మడానికి వచ్చిన కంపెనీ మనిషి, మీ బావమరిది కూడా ఒకే జవాబు చెబుతారు: ఏప్రిల్ ఒకటి. ఆర్థిక సంవత్సరం అప్పుడే మొదలవుతుంది, పాత పుస్తకాలు మార్చి 31తో మూసుకుంటాయి, నిల్వలు తేలుతాయి, కొత్త పుస్తకం శుభ్రంగా తెరుచుకుంటుంది. కాగితం మీద ఇందులో తప్పేమీ లేదు. కానీ అయ్యా, ఏప్రిల్ ఒకటో తేదీన మిర్యాలగూడ రోడ్ల మీద ఏం జరుగుతూ ఉంటుంది? సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి కోతలు మొదలై, వేములపల్లి వైపు నుంచి, హాలియా వైపు నుంచి, నేరేడుచర్ల వైపు నుంచి ట్రాక్టర్లు వరుస కట్టే రోజులవి. మీ కాంటా గుమస్తాకు టీ తాగే తీరిక కూడా ఉండదు. లోపల కూర్చున్న అకౌంటెంటేమో మార్చి ముగింపు లెక్కల్లో మునిగి ఉంటాడు. సంవత్సరం మొత్తంలో మీ మనుషులకు కొత్త పని నేర్చుకునే ఓపిక ఏమాత్రం లేని వారం ఏదని అడిగితే అందరూ ఆ వారాన్నే చూపిస్తారు. సరిగ్గా ఆ వారంలోనే మనం కొత్త సాఫ్ట్‌వేర్ తెరుస్తున్నాం.

నేను చెప్పేది ఒక్కటే: మిల్లు క్యాలెండరును ఆడిటరు రాయడు, పంట రాస్తుంది. వానాకాలం వడ్లు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి, యాసంగి వడ్లు మార్చి చివరి నుంచి మే దాకా వస్తాయి. ఈ రెండింటి మధ్య మనకు దొరికే వెసులుబాట్లు రెండే. యాసంగి సద్దుమణిగిన తరువాత జూలై, ఆగస్టు నెలలు ఒకటి. వానాకాలం వడ్లు అయిపోయిన తరువాత జనవరి చివర, ఫిబ్రవరి మరొకటి. నేనైతే జూలై ఒకటి అంటాను. సంవత్సరం మధ్యలో ఎలా అని భయపడతారేమో. జూన్ 30 నాటికి ఒక ట్రయల్ బ్యాలెన్సు, అంటే అన్ని ఖాతాల నిల్వల పట్టిక, తీసి, ఆ నిల్వలను ప్రారంభ నిల్వలుగా ఎక్కించాలి. అది అకౌంటెంటు కూర్చుని చేసే పని, కష్టమే గానీ తెలిసిన కష్టం. పైగా జూలై ఒకటి త్రైమాసికానికి మొదటి రోజు కనుక జీఎస్టీ లెక్కలు కూడా మధ్యలో తెగవు. రోడ్డు మీద ట్రాక్టర్లు నిలబడి ఉండగా పని నేర్చుకోవడం ఉందే, అది తెలియని కష్టం.

సీజను ముందు సాఫ్ట్‌వేర్ తెరిచి దెబ్బతిన్న పెద్ద కంపెనీ ఒకటుంది, ఆ సంగతి చెబుతాను. అమెరికాలో హెర్షీ అనే చాక్లెట్ల కంపెనీ. చిన్న సంస్థ కాదు, డబ్బుకు కొదవ లేదు. 1990ల చివర వారు శాప్‌తో పాటు మరో రెండు కంపెనీల సాఫ్ట్‌వేర్లను కలిపి ఒకేసారి అమలు చేయాలని సుమారు 11.2 కోట్ల డాలర్ల పని తలపెట్టారు. నాలుగేళ్ళు పడుతుందన్న పనిని రెండున్నరేళ్ళకు కుదించారు. 1999 ఏప్రిల్‌లో మొదలు కావలసింది జూలైకి జరిగింది. అక్కడ అక్టోబరు 31న హాలోవీన్ అనే పండుగ ఉంటుంది, పిల్లలు ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడుగుతారు, దాని ఆర్డర్లు వేసవి చివరి నుంచే వచ్చిపడతాయి. అంటే చాక్లెట్లవారికి అదే వానాకాలం కోత. సరుకు గోదాముల్లోనే ఉంది, కానీ ఆర్డరు పెట్టిన దుకాణానికి చేరలేదు. సుమారు పది కోట్ల డాలర్ల ఆర్డర్లు ఆ ఏడాది అందించలేకపోయారు.

ఇక్కడ ఎవరో అంటున్నారు, "మీరూ జూలై అంటున్నారు, వాళ్ళూ జూలైలోనే కదా మొదలుపెట్టారు?" అని. మంచి ప్రశ్న, నేను చెప్పబోయేది కూడా అదే. వాళ్ళ జూలై వాళ్ళు ఎంచుకున్న జూలై కాదు, జారిపోయి వచ్చిన జూలై. దాని వెనకే సీజను వచ్చింది. కనుక మీరు జూలై ఒకటి అనుకుని, పనులు ఆలస్యమై అది సెప్టెంబరుకు జారితే, "ఇంత ఖర్చు పెట్టాం, ఎలాగైనా దసరాకు తెరిచేద్దాం" అనకండి. జనవరికి వెళ్ళండి. జూలై కాకపోతే జనవరి అని కంపెనీతో ఒప్పందం రాసుకునే రోజే కాగితం మీద రాయించండి. అప్పుడది ఎవరి ఓటమీ కాదు, ముందే అనుకున్న మాట.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఇది చాలా ముఖ్యం, కాస్త ఓపికగా వినండి. ఈ సాఫ్ట్‌వేర్లు ఎక్కడ పుట్టాయి? శాప్ 1972లో జర్మనీలో పుట్టింది. ఇలాంటివన్నీ యంత్రాలు, మోటార్లు, రసాయనాలు తయారుచేసే కర్మాగారాల అవసరాలు తీరుస్తూ పెరిగాయి. అక్కడ పని ఎలా ఉంటుంది? యాభై విడిభాగాలు లోపలికి వెళతాయి, ఒక మోటారు బయటికి వస్తుంది. మన దగ్గర? ఒక్క వడ్లు లోపలికి వెళతాయి. బియ్యం, నూక, తవుడు, ఊక బయటికి వస్తాయి. లెక్క తలకిందులు. ఈ తలకిందుల లెక్కను కూడా చేయగలిగిన సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ దాన్ని ఆ విధంగా అమర్చమని మీరు అడగాలి. అమ్మడానికి వచ్చినవారు రంగురంగుల గ్రాఫులు చూపిస్తారు, సెల్‌ఫోనులో అమ్మకాలు చూపిస్తారు. అవన్నీ ఆపించి ఒక్క మాట అడగండి: "బాబూ, వంద క్వింటాళ్ళ వడ్లు లోపలికి వేసి, బియ్యం ఎంత, నూక ఎంత, తవుడు ఎంత బయటికి వచ్చాయో, ఒక్కొక్కదాని ఖరీదు క్వింటాలుకు ఎంత పడిందో నా ఎదుట చేసి చూపించు." చేసి చూపిస్తే మాట్లాడండి. "అది తరువాత కస్టమైజేషన్‌లో చేస్తాం" అంటే టీ ఇచ్చి పంపించండి.

వడ్ల ఖరీదును బియ్యానికీ తవుడుకూ ఎలా పంచాలన్నది సాఫ్ట్‌వేరు చెప్పదు, మీరే తేల్చాలి. అకౌంటింగ్ ప్రమాణాలు ఒప్పుకునే పద్ధతి ఒకటుంది: తవుడు, ఊక వంటి ఉపఉత్పత్తులను అమ్మితే చేతికి వచ్చే నికర విలువను మొత్తం ఖరీదులోంచి తీసేసి, మిగిలినది ప్రధాన సరుకుకు వేయడం. నూక సంగతి ఏమిటి? అది ఉపఉత్పత్తా, తక్కువ రకం బియ్యమా? ఈ హాలులోనే రెండు అభిప్రాయాలు ఉంటాయి. ఉండవచ్చు. ఒక్క మిల్లులో మాత్రం ఇద్దరు భాగస్వాములకు రెండు అభిప్రాయాలు ఉండకూడదు. ఈ సంగతులు తేలకుండా పని మొదలైతే, కంపెనీ పంపిన కుర్రవాడు తనకు తోచినట్టు ఏదో ఒకటి పెట్టేస్తాడు, ఆరు నెలల తరువాత మీకు లాభనష్టాల పట్టిక అర్థం కాదు.

తేమ సంగతి చూడండి. పదిహేడు శాతం తేమతో వంద క్వింటాళ్ళు కొన్నారు, ఆరబెట్టి పద్నాలుగుకు తెచ్చారు. ఎంత తగ్గాలి? మూడు క్వింటాళ్ళని చాలామంది అంటారు. కాదు. ఎండిన పదార్థం 83 క్వింటాళ్ళు, అది కొత్త బరువులో 86 శాతం. 83ను 0.86తో భాగిస్తే 96.51. అంటే తగ్గింది సుమారు మూడున్నర క్వింటాళ్ళు. వెయ్యి క్వింటాళ్ళ మీద మూడు శాతం పద్ధతికీ అసలు లెక్కకూ తేడా దాదాపు ఐదు క్వింటాళ్ళు. పాత పుస్తకంలో ఈ ఐదు క్వింటాళ్ళు ఎక్కడో సర్దుకుపోయేవి, ఎవరూ అడిగేవారు కాదు. సాఫ్ట్‌వేరు సర్దదు. "ఇక్కడ నిల్వ తక్కువుంది" అని రోజూ చూపిస్తుంది, మీరు గోదాము గుమస్తాను అనుమానిస్తారు, ఆయన నొచ్చుకుని మానేస్తాడు. కాబట్టి తేమ తగ్గుదలకు సూత్రం ఏది, ఎంత వరకు గుమస్తా స్వయంగా రాయవచ్చు, ఎంత దాటితే యజమాని సంతకం కావాలి, ఈ మూడూ ముందే నిర్ణయించి సాఫ్ట్‌వేర్‌లో పెట్టించాలి.

ఇక సీఎంఆర్, అంటే కస్టమ్ మిల్లింగ్ రైస్: ప్రభుత్వ వడ్లు మరాడించి బియ్యం తిరిగి ఇచ్చే పని. ప్రభుత్వం కొనుగోలు కేంద్రాల నుంచి మీ మిల్లుకు పంపే వడ్లు మీవి కావు. ఈ మాట ఇక్కడ అందరికీ తెలుసు, కానీ లెక్కలో చాలామంది కలిపేస్తారు. ఒకే ఆవరణ, ఒకే షెడ్డు, ఒకే రకం వడ్లు కదా అని ఒకే నిల్వ కింద చూపిస్తారు. సాఫ్ట్‌వేర్‌లో దీనికి వేరే గోదాము పేరు పెట్టాలి, విలువ సున్నా ఉండాలి, యజమాని స్థానంలో పౌరసరఫరాల సంస్థ ఉండాలి. వడ్ల లారీతో ట్రక్ షీటు వచ్చిన రోజే మీ మీద బియ్యం బాకీ పడుతుంది: పచ్చి బియ్యమైతే క్వింటాలుకు 67 కిలోలు, బాయిల్డు అయితే 68 కిలోలు. మీ మిల్లులో అంత దిగుబడి వచ్చినా రాకపోయినా బాకీ అంతే. అందుకని ప్రతి సాయంత్రం తెర మీద మూడు అంకెలు కనిపించాలి: వచ్చిన వడ్లు, ఇచ్చిన బియ్యం, ఇంకా ఇవ్వవలసిన బియ్యం. బ్యాంకులో క్యాష్ క్రెడిట్, అంటే సరుకు నిల్వ చూపించి తీసుకునే అప్పు, ఉన్నవారికి ఇంకో ప్రమాదం ఉంది. నెల నెలా బ్యాంకుకు ఇచ్చే స్టాకు స్టేట్‌మెంటులోకి ప్రభుత్వ వడ్లు పొరపాటున ఎక్కితే, అవి మీవి కానివి చూపించి అప్పు తీసుకున్నట్టవుతుంది. సాఫ్ట్‌వేరు తప్పు చేసిందంటే బ్యాంకు వినదు.

ఈ రెండో ప్రశ్న మీద ఎక్కువసేపు నిలబడ్డాను, తెలుసు. మన దగ్గర పని చెడేది ఎక్కువగా ఇక్కడే.

మూడోది మాస్టర్లు. రైతుల జాబితా, వ్యాపారుల జాబితా, సరుకుల జాబితా. దీన్ని కంపెనీవారికి అప్పగించి "పాత టాలీలోంచి లాగేసుకోండి" అంటారు, టాలీ అంటే ఇప్పటిదాకా ఖాతాలు రాసిన సాఫ్ట్‌వేరు. లాగేస్తే ఏమొస్తుంది? పాత చెత్తంతా కొత్త ఇంట్లోకి వస్తుంది. ఒకే రైతు ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట తండ్రి పేరుతో, మరొకచోట ఊరి పేరుతో ఉంటాడు. అడ్వాన్సు ఒక ఖాతాలో, బాకీ ఇంకో ఖాతాలో. ఒకే వడ్లు బీపీటీ అని, సాంబ అని, 5204 అని మూడు పేర్లతో ఉంటాయి. వీటిని కలపగలిగేది ఎవరు? కంపెనీ నుంచి వచ్చిన కుర్రవాడికి ఏ వెంకటయ్య ఎవరో ఎలా తెలుస్తుంది? ఇరవై ఏళ్ళుగా తక్‌పట్టీలు, అంటే రైతుకు ఇచ్చే కొనుగోలు చిట్టీలు, రాసిన మీ పాత గుమస్తాకు తెలుస్తుంది. ఆయనకు కంప్యూటరు రాకపోవచ్చు. పక్కన కంప్యూటరు వచ్చిన అబ్బాయిని కూర్చోబెట్టండి, ఆయన చెబితే అబ్బాయి కొడతాడు. కొత్త ఖాతా తెరిచే హక్కు ఆ తరువాత ఒక్కరి చేతిలోనే ఉండాలి.

సరుకుల జాబితాలో పన్ను సంగతి మరిచిపోకండి. 2022 జూలై 18 నుంచి ముందుగా ప్యాక్ చేసి లేబులు వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే అయిదు శాతం జీఎస్టీ ఉంది, అంతకు మించిన సంచికి లేదు. అందుకే కదా మార్కెట్టులో 26 కిలోల సంచులు కనిపిస్తున్నాయి! నవ్వకండి, అది చట్టబద్ధమే. కానీ సాఫ్ట్‌వేర్‌కు ఈ రెండూ ఒకే బియ్యం కావు, రెండు వేరువేరు సరుకులు కావాలి. టర్నోవరు అయిదు కోట్లు దాటినవారికి 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయవలసిన బిల్లు, కూడా ఉంది కనుక, పన్ను పడే చిన్న సంచిని రిజిస్టర్డు వ్యాపారికి అమ్మినప్పుడు బిల్లు ఒక దారిన, పన్ను లేని పెద్ద సంచి బిల్లు మరో దారిన వెళ్ళాలి. జాబితాలో ఒక్క గడి తప్పితే రోజూ వందల బిల్లులు తప్పుతాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఏది కొనాలి? చూశారా, ఇంతసేపటికి వచ్చాం. పైన చెప్పినవి చేసి చూపించగలిగినది ఏదైనా సరే. ఇంకొక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. జర్మనీకి చెందిన లిడిల్ అనే కిరాణా దుకాణాల సంస్థ ఏడేళ్ళు శాప్ అమలు చేసి, సుమారు యాభై కోట్ల యూరోలు పోసి, 2018లో ఆపేసింది. అప్పటి వార్తల్లో చెప్పిన ముఖ్య కారణం ఏమిటంటే, సాఫ్ట్‌వేరు సరుకు విలువను అమ్మకం ధరతో లెక్కిస్తుంది, వారు కొన్న ధరతో లెక్కిస్తారు. తమ పద్ధతి వదలక సాఫ్ట్‌వేర్‌నే మారుస్తూ పోయారు. అంటే ఏదీ మార్చించవద్దనా నా ఉద్దేశం? కాదు. తేమ లెక్క మార్చించండి, సీఎంఆర్ లెక్క మార్చించండి, అవి మన వృత్తి. కానీ "మా తాతగారి కాలం నుంచి రిజిస్టరులో తేదీ కుడిపక్క ఉంటుంది, తెర మీద కూడా కుడిపక్కే ఉండాలి" అనేవారికి, అయ్యా, ఎడమపక్క చూడడం అలవాటు చేసుకోండని చెబుతాను. మార్పించిన ప్రతి అంశాన్నీ తరువాత ప్రతి ఏటా డబ్బు పెట్టి పోషించాలి.

పరీక్ష ఎలా చేయాలి? కంపెనీవారు వాళ్ళు తయారుచేసుకున్న పది బిల్లులు కొట్టి "సార్, అంతా బాగుంది, సంతకం పెట్టండి" అంటారు. పెట్టకండి. పోయిన సీజనులో బాగా రద్దీగా ఉన్న ఒక రోజు ఎంచుకోండి. ఆ రోజు కాంటా చిట్టీలు, తక్‌పట్టీలు, హమాలీ లెక్క, లారీ బిల్లులు, నగదు పుస్తకం, అన్నీ తీసి, కాంటా గుమస్తా చేతనే, కంపెనీ మనిషి చేయి వేయకుండా, కొత్త సాఫ్ట్‌వేర్‌లో కొట్టించండి. సాయంత్రానికి నిల్వ, నగదు పాత పుస్తకంతో కలవాలి. కలవడంతో పాటు ఒక ట్రాక్టరుకు ఎంతసేపు పట్టిందో గడియారం పట్టుకుని చూడండి. ఇప్పటికంటే ట్రాక్టరుకు రెండు నిమిషాలు ఎక్కువ పడితే సీజనులో మీ గేటు ముందు లైను ఎంత పెరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అందుకే వేబ్రిడ్జి ఇండికేటరు నుంచి కేబులు ద్వారా బరువు నేరుగా తెర మీదికి రావాలి. అలా వస్తే వేగం పెరుగుతుంది, అంకె మార్చే అవకాశం కూడా పోతుంది. నెట్ పోయినప్పుడు ఏం చేయాలి? వరుస నంబర్లు అచ్చువేసిన చిట్టీ పుస్తకం ఒకటి కాంటా దగ్గర ఉండాలి, ఆ చిట్టీలు అదే రోజు రాత్రి ఎక్కాలి, ఒక్క నంబరు కూడా మధ్యలో మాయం కాకూడదు.

పాతా కొత్తా రెండూ పక్కపక్కన నడపాలా? నెల రోజులు చాలు. అంతకు మించి నడిపితే గుమస్తా పగలు ఒకటి రాసి, రాత్రి దాన్ని చూసి రెండోది నింపుతాడు. అప్పుడు రెండూ కలిశాయంటే దానికి అర్థమేముంది? అవి కలవక ఏం చేస్తాయి?

జూన్ 30న గేటు మూసి మొత్తం కొలవాలి. బిన్నుల్లో వడ్లు, షెడ్డులో బస్తాలు, డ్రయ్యరులో ఉన్నవి, గోనె సంచులు కూడా. గోనెల్లో ప్రభుత్వానివి వేరు, మీవి వేరు. భాగస్వాములందరూ ఆ కాగితం మీద సంతకాలు చేయాలి.

చివరగా, యజమానులారా, ఇది మీకు నచ్చకపోవచ్చు. నియమాన్ని మొదట తెంచేది ఎవరు? గుమస్తా కాదు. రాత్రి పదకొండు గంటలకు ఫోను చేసి "ఆ లారీని పంపించెయ్, బిల్లు పొద్దున చూసుకుందాం" అనేది మీరే. మొదటి వారంలో అలాంటి ఫోను ఒక్కటి వెళితే చాలు, ఇది యజమానికే లెక్క లేదని మిల్లంతా తెలుసుకుంటుంది. ఇంకా నిక్కచ్చిగా చెప్పాలంటే, అసలు లెక్క ఒకటి, పైకి చూపే లెక్క ఒకటి అని రెండు పుస్తకాలు రాసే మిల్లులో ఈఆర్‌పీ పెట్టడం వృథా ఖర్చు. సగం సరుకు తెలియని లెక్క రోజూ తప్పే చూపిస్తుంది. పాస్‌వర్డుల సంగతి కూడా అంతే: యజమాని పాస్‌వర్డు అందరికీ తెలిసిన మిల్లులో ఎవరు ఏ బరువు మార్చారో ఎవరికీ తెలియదు. కంపెనీ చట్టం కింద రిజిస్టరైన సంస్థలకు 2023 ఏప్రిల్ 1 నుంచి, ఎవరు ఎప్పుడు ఏ పద్దు మార్చారో చెరిపేయడానికి వీల్లేకుండా నమోదు చేసే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే వాడాలన్న నిబంధన ఉంది. మనలో చాలామందివి భాగస్వామ్య సంస్థలు కనుక ఆ బలవంతం లేదు. అయినా పెట్టించుకోండి, అన్నదమ్ముల మధ్య మాట వచ్చిన రోజున అదే సాక్ష్యం.

ఒప్పందం గురించి రెండు మాటలు. డేటా మీదని, అడిగిన రోజున మామూలు ఎక్సెల్ రూపంలో మొత్తం ఇవ్వాలని రాయించండి. రోజువారీ బ్యాకప్ మిల్లు బయట కూడా ఒకటి ఉండాలి, నెలకొకసారి దాన్ని తెరిచి చూడాలి. డబ్బు వాయిదాల్లో ఇవ్వండి, ఒక్కో వాయిదాను జరిగిన పనికి ముడివేయండి, తేదీకి కాదు. చివరి వాయిదా, చిన్నది కాదు, కంపెనీకి గుర్తుండేంత మొత్తం, వానాకాలం సీజను దాటి డిసెంబరు నెల లెక్క ముగిసిన తరువాతే ఇస్తామని రాయండి. జూలైలో పది ట్రాక్టర్లతో నడిచినది నవంబరులో రెండు వందల ట్రాక్టర్లతో నడుస్తుందా లేదా అన్నది నవంబరులోనే తెలుస్తుంది. ఆ నెలంతా వారి మనిషి ఒకరు మీ కాంటా దగ్గర కూర్చోవాలని కూడా అందులోనే రాయండి, భోజనం మీరు పెట్టండి.

వెనుక వరుసలో ఒక పెద్దాయన ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, కాంటా గుమస్తా అనుకుంటాను. మైకు వారికి ఇవ్వండి. ముందు వారు అడగాలి, యజమానులు తరువాత అడుగుదురు గాని.